అప్‌డేట్: మా కారానికి జోడీ దొరికింది

జర్మనీలోని కొలోన్‌లో చిన్న ఆంధ్ర భోజనశాల నడుపుతున్నానని, మా కారానికి నిలిచే వైన్ కోసం డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగే ప్రోవైన్ అనే వైన్ వ్యాపార ప్రదర్శనకు వెళ్తున్నానని, ఏవి రుచి చూడాలో చెప్పమని అడిగాను కదా. వెళ్లి వచ్చాను.

"మింగకుండా ఉమ్మేయండి" అన్నవారికి ముందుగా దండం. మొహమాటపడి మొదట నాలుగు గుక్కలు మింగాను, తల తిరిగాక నేనూ ఉమ్మే బకెట్ దారి పట్టాను.

జేబులో గుంటూరు కారప్పొడి డబ్బీ తీసుకెళ్లాను. చిటికెడు నాలుకకు రాసుకుని 14 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ తాగితే వగరుకు మంట రెట్టింపైంది. జర్మనీ మోసెల్ లోయలోని రీస్లింగ్ అనే తెల్ల వైన్, అందులోనూ కబినెట్ అనే తేలికపాటి రకం, అసలు విషయం. ఆల్కహాల్ ఎనిమిది శాతమే. కాస్త తీపి, దాని వెనుకే నిమ్మకాయ పులుపు. కారం మెల్లగా దిగిపోయింది. బల్ల మీద ఆ తోటలోని రాయి ముక్క పెట్టారు. చూస్తే మనం అక్షరాలు దిద్దిన పలక రాయే! పగటి వేడిని దాచుకుని రాత్రి తీగలకు ఇస్తుందట. అమ్మే ఆవిడ నా డబ్బీ చూసి తానూ చిటికెడు వేసుకుంది. పాపం, కళ్లనీళ్లు.

జార్జియా దేశపు వైన్ ఊహించనిది. ర్కాత్సితెలి అనే తెల్ల ద్రాక్షను తొక్కలతో సహా, భూమిలో పాతిన క్వెవ్రీ అనే మట్టి కాగుల్లో పులియబెడతారు. తేనె రంగు, డికాక్షన్ వగరు. మాంసం వేపుడుకు బాగుంటుందని నా నమ్మకం, మా ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు.

కబినెట్ రెండు పెట్టెలు చెప్పాను. జార్జియాది ఆరు సీసాలే.