సైకిల్ రేసు చివర్లో గుంపు నన్ను వదిలేస్తోంది, ఏం చేయాలి?

ఉగాది లోపు రెండు రోడ్ రేసులు తొక్కాను. రెండింట్లోనూ చివరి పది కిలోమీటర్లలో కాళ్లు చచ్చుబడ్డాయి. వారానికి నాలుగు రోజులు హైదరాబాద్ నార్సింగి దగ్గర, పైన సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ మీదే ప్రాక్టీసు. ఏప్రిల్ రేసంటే ఇప్పటినుంచే టెన్షన్. ఇంట్లో అమ్మేమో "నల్లబడిపోతున్నావే" అని ఒకటే గోల.

జవాబు 1: ఆ ట్రాక్ దాదాపు అంతా కప్పు కిందే కదమ్మా! రేసేమో ఎండలో. శరీరం వేడికి అలవాటు పడాలంటే పది, పధ్నాలుగు రోజులు పడుతుంది. రోజూ గంటసేపు ఎండ తగిలేలా నెమ్మదిగా తొక్కు. సీసాలో ఉత్త నీళ్లు వద్దు, ఉప్పు, పంచదార కలుపు. ఆదివారం వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్ ఎక్కు.

జవాబు 2: అక్కా, గాలికి ఎదురుగా ముందు ఎంతసేపు ఉంటున్నావు? బెల్జియం సైక్లిస్ట్ లొట్టే కొపెకీ 2025లో అక్కడి పెద్ద రేసు టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ మూడోసారి గెలిచింది, ఆ రేసు చూడు. చివర్లో నలుగురే ముందు మిగిలారు, ఆఖరి పరుగులో, అంటే స్ప్రింట్‌లో కొట్టింది.

అడిగినామె: దొరికిపోయాను. సగం రేసు నేనే ముందుండి లాగాను, వెనకవాళ్లు హాయిగా వచ్చారు. ఉప్పు సంగతి అమ్మకి చెప్తే మజ్జిగ సీసా చేతిలో పెట్టింది. సైకిల్ మీద మజ్జిగ ఎవరైనా తాగారా?