బొమ్మలో ఉన్నవాళ్ళందరూ ‘గంభీరంగా’నే ఉంటారా?

ప్రశ్న: పాత చిత్రపటాల గురించి ఎవరు రాసినా ‘గంభీరంగా ఉన్నాడు’ అనే రాస్తారు. రాజుకీ అదే, పోపుకీ అదే. ఠీవి, దర్పం, హుందా, ఇన్ని మాటలుండగా ఇదేం కరువండీ?

జవాబు: మీ విసుగు న్యాయమే. ఫ్రెంచి చిత్రకారుడు రిగో 1701లో వేసిన ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ పటం చూడండి. అప్పటికి ఆయనకి అరవై దాటాయి, ముఖంలో వయసు తెలుస్తూనే ఉంది, కాళ్ళు మాత్రం కుర్రాడివి! తెల్లటి మేజోళ్ళు, ఎర్ర మడమల బూట్లు, కిరీటం నెత్తిన లేకుండా పక్కన దిండు మీద, రాజదండమేమో తలకిందులుగా చేతికర్రలా ఆన్చుకుని నిలబడ్డాడు. అంత విలువైన వస్తువుని అంత తేలిగ్గా పట్టుకోవడంలోనే ఉంది హోదా అంతా. దీన్ని ఠీవి అనాలి, ఎందుకంటే ఆ మాట నిలబడే తీరుకీ నడిచే తీరుకీ సరిగ్గా అతుకుతుంది.

స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1650లో వేసిన పదో ఇన్నోసెంట్ పోపు సంగతి వేరు. ఎర్ర పట్టు, బంగారు అంచుల కుర్చీ, చేతిలో కాగితం, హోదాకి లోటేం లేదు, కానీ ఆ చూపు చూశారా, ఎదుటివాణ్ణి నమ్మని చూపు. అక్కడ ‘గంభీరం’ అని రాసి తప్పుకోవడం బద్ధకమే.

మరొకరు: మరి దర్పం?

జవాబు: అందులో మెచ్చుకోలు కన్నా కాస్త ఎత్తిపొడుపే ఎక్కువ. మనకి నచ్చిన మనిషికైతే ఠీవి అంటాం, నచ్చనివాడికి దర్పం అంటాం, బొమ్మ అదే అయినా సరే. అందుకే నేను ఆచితూచి వాడతాను.

ఇంకొకరు: 1796లో చిత్రకారుడు గిల్బర్ట్ స్టువర్ట్ వేసిన, అమెరికా తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ నిలువెత్తు పటానికి ‘హుందా’ సరిపోతుందా?

జవాబు: బాగా సరిపోతుంది. నల్ల సూటు, ఒరలో కత్తి, కిరీటం ఊసే లేదు. అలాగని సాదాసీదా పటం కూడా కాదు, వెనక ఆ స్తంభాలూ తెరా రాజుల పటాల్లోంచి తెచ్చుకున్నవే. ఇక ఆ బిగిసిన నోరు చూసి పట్టుదల, నిగ్రహం అంటూ పేరాలు రాసేస్తారు గానీ, అది చాలావరకు కట్టుడు పళ్ళ ఇబ్బంది. దుస్తుల్ని బట్టి హోదా చెప్పడం సులువే, పెదవుల్ని బట్టి స్వభావం చెప్పేటప్పుడు మాత్రం ‘అనిపిస్తోంది’ అని ఒక మాట చేర్చండి.