కార్తీకంలో భవానీ ద్వీపం: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

బ్రాడీపేట_అక్క: వచ్చే ఆదివారం గుంటూరు నుంచి 14 మందిమి విజయవాడ భవానీ ద్వీపానికి వనభోజనాలకు వద్దామనుకుంటున్నాం. అమ్మమ్మకు 78 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. బోటు ఎక్కగలదా అని ఒకటే టెన్షన్.

వన్‌టౌన్_ఆసామి: కార్తీక ఆదివారమా! పున్నమి ఘాట్‌లో టికెట్ క్యూలోనే ఎండెక్కిపోతుందమ్మా. సోమవారం ఘాట్లన్నీ స్నానాలవాళ్ళతో కిటకిట. మంగళ, బుధవారాలు చూసుకోండి. బస్టాండులో దిగి ఆటోవాడికి భవానీపురం పున్నమి ఘాట్ అని చెప్తే చాలు. అవతలికి మాకు పావుగంట కూడా పట్టలేదు.

కృష్ణలంక_కుర్రాడు: అసలు బోట్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి ముందు. పైనుంచి వరదొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తితే బోట్లు ఆపేస్తారు. మేమోసారి కనుక్కోకుండా వెళ్ళి, పులిహోర ఘాట్ మెట్ల మీదే తినేసి వెనక్కొచ్చాం. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడైతే ద్వీపమే మునిగింది.

ఉసిరిచెట్టు: లైఫ్ జాకెట్ గురించి ఒక మాట. మావాడికి ఇచ్చినదానికి నడుం దగ్గర బకిల్ విరిగిపోయి ఉంది. "తాడుతో ముడేసెయ్యండి మేడమ్, దగ్గరే కదా" అన్నాడు ఇచ్చినతను. వేరేది తెచ్చేదాకా మేం ఎక్కలేదు. వెనకాల లైన్లోవాళ్ళు గొణిగారు, గొణగనీ. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడి 20 మందికి పైగా పోయింది కూడా కార్తీక ఆదివారమే. అనుమతి లేని బోటు అది. గట్టు మీద ఎవరైనా "క్యూ ఎందుకు, మా బోటెక్కండి" అంటే వినకండి.

తెనాలి_ఫిల్టర్‌కాఫీ: ఇంత హైరానా పడి చూడ్డానికి అక్కడేముందండీ? నాలుగు చెట్లు, ఇసుక. మా పిల్లలు గంటకే ఇంటికి పోదామన్నారు.

ఉసిరిచెట్టు: చూడ్డానికి ఎవరెళ్తారండీ, కూర్చోడానికి గానీ! 130 ఎకరాల పైచిలుకు లంక అది, అంతా తిరగాలనుకుంటే పిల్లలే కాదు, మనమూ విసుగుతాం. అక్కా, అమ్మమ్మని నడిపించకండి, దిగినచోటికి దగ్గర్లోనే నీడ చూసి చాప పరిచేయండి. వంట ఇంట్లోనే చేసుకెళ్ళండి. ఆఖరి బోటు ఎన్నింటికో దిగగానే అడగండి. సాయంత్రం అందరూ ఒకేసారి రేవుకొస్తారు.

బ్రాడీపేట_అక్క: మంగళవారం వెళ్ళొచ్చాం! ఆఫీసుకి సెలవు దొరక్క ఇద్దరు తగ్గారు. బోటు ఎక్కేటప్పుడు ఆ అరడుగు సందు చూసి అమ్మమ్మ భయపడింది. మా తమ్ముడు లోపల, బాబాయి గట్టు మీద నిలబడి చెరో చెయ్యీ పట్టుకున్నారు. నది మధ్యలోకి వెళ్ళాక ఇంద్రకీలాద్రి కనబడేసరికి మోకాళ్ళ సంగతే మర్చిపోయి లేచి దణ్ణం పెట్టబోయింది. బోటతను "కూర్చునే పెట్టుకో మామ్మా, అమ్మవారికి కనబడుతుందిలే" అన్నాడు. బోటంతా నవ్వులు.

ఉసిరి చెట్టు కోసం వెతకలేదు, ఇంటి నుంచే కొమ్మ పట్టుకెళ్ళాం. దానికే పసుపూ కుంకుమా పెట్టి, పక్కన కూర్చుని తిన్నాం. నాలుగున్నరకే రేవుకొచ్చినా రెండో బోటు దాకా ఆగాల్సొచ్చింది. ఆ హడావిడిలో దద్దోజనం గరిటె వదిలేసి వచ్చాం. ఈ వారం ఎవరైనా వెళ్తుంటే, దిగగానే ఎడమ పక్క వేపచెట్టు మొదట్లో చూడండి. పిడి మీద మా పిన్ని పేరుంటుంది.