మా ఊరి పూజారిగారు మంచాన పడ్డారు, గుళ్లో పూజ ఆగకుండా ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది గోదావరి పక్కన చిన్న పల్లె, ఉన్నది ఒక్క వేణుగోపాలస్వామి గుడి. పోయిన వారం తెల్లవారుజామున అభిషేకానికి బిందెతో నీళ్లు తెస్తూ పూజారిగారు నూతి మెట్ల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు, మూడు నెలలు కాలు మీద బరువు మోపొద్దన్నారు, వయసు 62.

ఆసుపత్రి బిల్లు ఊరంతా తలా కొంత వేసుకుని కట్టేశాం, క్యారేజీలు కూడా వంతులవారీగా పంపుతున్నాం. ఆయన మాత్రం కాలు సంగతి వదిలేసి 'స్వామికి దీపం పెట్టారా' అనే అడుగుతున్నారు.

అసలు టెన్షన్ అక్కడే. మాది వైఖానస ఆగమం (విష్ణు ఆలయాల్లో పాటించే పూజా సంప్రదాయాల్లో ఒకటి) గుడి, కాబట్టి ఎవరు పడితే వాళ్లు గర్భగుడిలోకి వెళ్లకూడదట, ఆయన కొడుకేమో హైదరాబాద్‌లో ఉద్యోగం, శని ఆదివారాలే రాగలడు. మిగతా రోజుల్లో మేం గడప బయటే దీపం పెట్టి విష్ణు సహస్రనామం చదువుకుంటున్నాం. ఇది సరిపోతుందా? పైగా ధనుర్మాసం దగ్గరికొస్తోంది. తాత్కాలికంగా వైఖానస అర్చకుణ్ణి పంపమని దేవాదాయ శాఖలో ఎవరికి అర్జీ పెట్టాలి? అర్చక సంక్షేమ నిధి నుంచి వైద్యానికి సాయం తీసుకున్నవాళ్లు ఉంటే ఏ కాగితాలు అడిగారో చెప్పండి.

ఇంకోటి, ధూపదీప నైవేద్యం పథకం కింద ప్రభుత్వం నుంచి వచ్చే డబ్బు తప్ప ఆయనకు వేరే ఆధారం లేదు, చేతికి ఇస్తే తీసుకోరు. నొచ్చుకోకుండా ఎలా ఇవ్వాలి?