టర్కీ లేని క్రిస్మస్ భోజనం: ఈసారి ఏం వండమంటారు?

ఆఖరి కుర్చీ:

అందరికీ నమస్కారం. 11 ఏళ్లుగా మా ఇంట్లో క్రిస్మస్ భోజనం నా నెత్తి మీదే నడుస్తోంది. మెనూ మారదు. టర్కీ రోస్టు, గ్రేవీ, మెదిపిన బంగాళాదుంప, ఎవరూ ఇష్టంగా తినకపోయినా బల్ల మీద ఉండి తీరాల్సిన బ్రసెల్స్ స్ప్రౌట్స్, చివర్న ప్లమ్ పుడ్డింగ్.

నిరుడు 6 కిలోల పక్షిని రెండు రోజుల ముందు ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి మార్చాను. అది చాలదని పండగ పొద్దున దాని కడుపులో చెయ్యి పెడితే గానీ తెలియలేదు. లోపల మంచుగడ్డే. చన్నీళ్ల బకెట్లో ముంచి, అరగంటకోసారి నీళ్లు మారుస్తూ మూడు గంటలు దానికి స్నానం చేయించాను. రెండింటికి అనుకున్న భోజనం నాలుగున్నరకి పడింది. అందరికీ వడ్డించి నేను కూర్చునేసరికి గ్రేవీ మీద తెట్టు కట్టింది. మామయ్యగారు మెల్లగా "ఈసారి కాస్త పొడిగా ఉన్నట్టుందమ్మా" అన్నారు. ఉంది మరి, అబద్ధమెందుకు.

ఈ ఏడు పాత మెనూ చెయ్యనని ఇంట్లో చెప్పేశాను. అత్తయ్య ఇంకా నమ్మలేదు.

మేం 9 మందిమి. మామయ్యగారికి పళ్ల ఇబ్బంది, గట్టివి నమలలేరు. ఆడపడుచు మాంసం మానేసి రెండేళ్లయింది, గుడ్లూ పాలూ తింటుంది. మా మరిదికి రొయ్యలు, పీతలు పడవు, ఒళ్లంతా దద్దుర్లు. ఆడపడుచు కొడుకుకి 7 ఏళ్లు, వాడికి ఆట లేనిదే ముద్ద దిగదు. నాకున్నది ఒకటే ఓవెన్, నాలుగు బర్నర్లు.

నాకు కావలసింది ఒక్కటే. అందరితో పాటు నేనూ కూర్చోవాలి, వేడిగా తినాలి. చెప్పండి.

మూత తీయొద్దు:

ఆఖరి కుర్చీ గారూ, హోటల్ వంటింట్లో చాలా ఏళ్లు పని చేసినవాణ్ణి. పండగ రోజుల్లో నిలబడి తినడం నాకూ అలవాటే కాబట్టి మీ బాధ చెప్పకుండానే తెలుస్తుంది.

ముందు టర్కీ సంగతి. పొడిబారడం మీ చేతి లోపం కాదు, దాని ఒంటి తీరే అంత. రొమ్ములో కొవ్వు పెద్దగా ఉండదు, తొడలో నరాలూ కొవ్వూ ఉంటాయి. లోపల 74 డిగ్రీలు తగిలితే పక్షి తినడానికి క్షేమమే, కానీ తొడ మెత్తబడాలంటే ఇంకా పైకి పోవాలి. తొడ కోసం ఆగితే రొమ్ము ఎండుతుంది, రొమ్ము కోసం తీస్తే తొడ సాగుతుంది. ఒకే సెగలో ఇద్దరు శత్రువుల్ని కాపురం పెట్టినట్టు. పైగా ఫ్రిజ్‌లో కరగడానికి రెండు కిలోలకి దాదాపు ఒక రోజు లెక్క వేసుకోవాలి. మీ 6 కిలోలకి మూడు రోజులు నిండా పడుతుంది.

మీరు అడగాల్సింది "ఏ వంటకం?" అని కాదండీ, "ముందు రోజు చేసి పెడితే మర్నాడు ఇంకా బాగుండేది ఏది?" అని. అలా చూస్తే రోస్టులన్నీ జాబితాలోంచి లేచిపోతాయి. రోస్టు ఎవరి కోసమూ ఆగదు. సన్న సెగ మీద మూత పెట్టి గంటల తరబడి మగ్గించినవే మిగులుతాయి.

నా మాటగా అయితే పోర్క్ షోల్డర్, అంటే పంది భుజం మాంసం. ఎముకతో 3 కిలోలది తీసుకోండి. ఎముకా కొవ్వూ పోను దాదాపు సగమే చేతికొస్తుంది, ఎనిమిది మందికి సరిపోతుంది. 23 రాత్రి ఉప్పు, జీలకర్ర పొడి, మిరప పొడి, నలిపిన వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. 24న నాలుగు ఉల్లిపాయలు, రెండు నారింజల రసం, ఒక గ్లాసు నీళ్లతో గట్టి మూత ఉన్న గిన్నెలో వేసి ఓవెన్లో 150 డిగ్రీల దగ్గర వదిలెయ్యండి. దాదాపు 5 గంటలు. లోపల 90 దాటాక, నరంలా సాగే కొలాజెన్ అంతా కరిగి జిగురు రసం అవుతుంది. ఫోర్కు గుచ్చి తిప్పితే మాంసం దానంతటదే విడిపోవాలి. విడిపోకపోతే ఉడకలేదని అర్థం, ఇంకో అరగంట పెట్టండి. పీచులుగా విడదీసి, పైన తేలిన కొవ్వు తీసేసి, దాని రసంలోనే దాచండి. పండగ రోజు మూత పెట్టి పొగలు వచ్చేదాకా వేడి చెయ్యడమే. మీ మామయ్యగారు చెంచాతో తినొచ్చు.

దీన్ని మొక్కజొన్న టోర్టియాల్లో (మెక్సికో వాళ్ల పల్చటి రొట్టెలు) చుట్టుకుని తినే టాకోలుగా పెట్టండి. మీరు వడ్డించరు, గిన్నెలన్నీ బల్ల మధ్యలో ఉంటాయి, ఎవరిది వాళ్లు చుట్టుకుంటారు. ఊరబెట్టిన ఎర్ర ఉల్లిపాయ (వెనిగర్, ఉప్పు, చిటికెడు చక్కెర, అరగంట చాలు), సన్నగా తరిగిన ఎర్ర క్యాబేజీ, అవకాడో, పుల్లటి క్రీమ్, నిమ్మచెక్కలు. టోర్టియాలు పెనం మీద కాల్చి మందపాటి తువ్వాలులో చుట్టి పెడితే మెత్తగా వేడిగా ఉంటాయి.

మీ ఆడపడుచుకి నల్ల బీన్స్ రాత్రి నానబెట్టి ఉడికించండి. పుట్టగొడుగులు వెడల్పు పెనం మీద పెద్ద మంట మీద వేయించండి. పెనం నిండా పోయకండి, నీరు ఊరి ఉడికిపోతాయి. ఉప్పు చివర్న. ఒక్క మాట, ఆ గిన్నెకి గరిటె విడిగా పెట్టండి. మాంసం గరిటె అందులో మునిగిందంటే మొహమాటానికి నవ్వుతారు గానీ ఇక ముట్టుకోరు.

పాత గిన్నె:

పైన వారు చెప్పింది బాగుంది. కానీ మొత్తం మార్చెయ్యకండి. నా అనుభవం చెప్తాను.

నాలుగేళ్ల క్రితం నాకూ ఇదే పట్టుదల వచ్చి క్రిస్మస్‌కి సుషీ చేశాను. అన్నం ఉడికించి, వెనిగర్ కలిపి, విసనకర్రతో చల్లార్చి, చుట్టలు చుడుతూ చుడుతూ టర్కీ కన్నా రెండు గంటలు ఎక్కువే నిలబడ్డాను. మా నాన్న రెండు ముక్కలు తిని చాలా బాగుందమ్మా అన్నారు. రాత్రి పదింటికి వంటింట్లో లైటు వెలిగితే వెళ్లి చూశాను. బ్రెడ్డుకి వెన్న రాసుకుంటున్నారు. ఆయనేమీ అనలేదు. నేనూ అనలేదు.

అప్పట్నుంచీ పాతది ఒక్కటైనా బల్ల మీద ఉంచుతాను. మీ ఇంట్లో ఎవరైనా ఏది లేకపోతే వెతుక్కుంటారో అది కనుక్కుని అదొక్కటీ చెయ్యండి. బ్రసెల్స్ స్ప్రౌట్స్ కాదని నా అంచనా.

ఊరికో పొయ్యి:

మీ అత్తయ్యగారు "ఇదేం క్రిస్మస్?" అంటే ఈ నాలుగు ముక్కలు చెప్పండి. టర్కీ అమెరికా ఖండాల పక్షి. 16వ శతాబ్దానికి ముందు యూరప్‌లో ఏ క్రిస్మస్ బల్ల మీదా అది లేదు. బంగాళాదుంపా అక్కడి నుంచి వచ్చిందే.

జర్మనీలో చాలా ఇళ్లలో 24 రాత్రి భోజనం బంగాళాదుంప సలాడ్, సాసేజీలు, అంతే. సలాడ్ ముందు రోజే కలిపేస్తారు. పోలండ్‌లో అదే రాత్రి మొదటి చుక్క పొడిచాక మాంసం లేని 12 వంటకాలు పెడతారు. బీట్‌రూట్ చారులో పుట్టగొడుగులు కూరిన చిన్న చిన్న డంప్లింగ్స్ అందులో ఒకటి. అనుకోకుండా వచ్చే అతిథి కోసమని ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతారు. జపాన్‌లో 1974 నుంచి కేఎఫ్‌సీ చేసిన ప్రచారం పుణ్యమా అని క్రిస్మస్ అంటే వేయించిన కోడి అయిపోయింది, వారాల ముందే బుక్ చేసుకుంటారు. ఇథియోపియాలో పండగ జనవరి 7న. 43 రోజుల ఉపవాసం ముగించి, ఉడికిన గుడ్లు వేసిన కారం కోడి కూర ఇంజెరాతో, అంటే దోసెలాంటి పుల్లటి రొట్టెతో తింటారు. ఆస్ట్రేలియాలో అది ఎండాకాలం కాబట్టి చల్లటి రొయ్యలు, పావ్‌లోవా (గుడ్డు తెల్లసొనతో చేసి పైన క్రీమ్, పళ్లు పెట్టే తీపి). మీ మరిదిగారి దద్దుర్లు తలుచుకుని ఆ రొయ్యల ఊసు వదిలేస్తున్నా.

అసలు నేను రాయాలనుకున్నది మీ 7 ఏళ్ల పిల్లాడి గురించి. డెన్మార్క్ వాళ్ల రిసలమాండ్ చెయ్యండి. అన్నాన్ని పాలలో మెత్తగా ఉడికించి, బాగా చల్లార్చి, గిలక్కొట్టిన క్రీమ్, వెనిల్లా, తరిగిన బాదం కలుపుతారు. పైన వేడి చెర్రీ సాసు. అందులో ఒకే ఒక్క బాదం గింజ పొట్టు తీసి, తరగకుండా వేస్తారు. అది ఎవరికి వస్తే వాళ్లకి బహుమతి. వచ్చినవాళ్లు బుగ్గలో దాచుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు, గిన్నె ఖాళీ అయ్యేదాకా మిగతావాళ్లు వెతుక్కుంటూ తింటూనే ఉంటారు. బాదం పడనివాళ్లు లేరు కదా, ముందు అడగండి. పిల్లాడికి కూడా జాగ్రత్తగా నమలమని చెప్పండి.

మూత తీయొద్దు:

ఊరికో పొయ్యి గారి పాయసం నాకు నచ్చింది, ఇదీ ముందు రోజు చేసేదే. ఒక్క హెచ్చరిక. ఉడికిన అన్నం గది వేడిలో గంటల తరబడి వదిలెయ్యకండి, అందులో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టండి. క్రీమ్ పండగ రోజే కలపండి.

ఆఖరి కుర్చీ:

అందరికీ థాంక్సండీ. పాత గిన్నె గారూ, మీరు చెప్పాక ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను. టర్కీ ఎవరికీ అక్కర్లేదు! 11 ఏళ్లు ఎవరి కోసం వండానో మరి. అత్తయ్యకి కావలసింది గ్రేవీ ఒక్కటేనట. బాదం అందరికీ పడుతుంది. పోర్క్ రసాన్నే కాస్త మరిగించి గ్రేవీ గిన్నెలో పోసి పెడదామనుకుంటున్నా. టాకోల మీద గ్రేవీ అంటే మెక్సికో వాళ్లు క్షమిస్తారో లేదో.

మూత తీయొద్దు:

రసం చక్కగా చిక్కబడుతుంది, జిగురు ఉంటుంది కదా. పిండి కలపకండి. మెక్సికో సంగతి నేను చూసుకుంటాను.

ఆఖరి కుర్చీ:

26వ తేదీ. గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి, అయినా రాయకుండా ఉండలేక వచ్చాను.

రెండింటికి భోజనం అన్నాను, రెండూ పదికి కూర్చున్నాం. అందరం, నాతో సహా. మధ్యలో టోర్టియాల కోసం ఒక్కసారి లేచాను, అదీ మా మరిది "వదినా కూర్చో" అని తువ్వాలు లాక్కుంటే మళ్లీ కూర్చున్నాను. మొదటి విడత రెండు మాడ్చాడు. పుట్టగొడుగులు ఆడపడుచుకని చేస్తే మాంసం తినేవాళ్లే సగం లాగించారు, ఇంకోసారి రెట్టింపు చెయ్యాలి. అత్తయ్య టాకో ముట్టుకోలేదు. మాంసం పళ్లెంలో వేసుకుని, పైన గ్రేవీ పోసుకుని, ఫోర్కుతో తిన్నారు. రెండుసార్లు వడ్డించుకున్నారు కాబట్టి నేనేమీ అనలేదు.

పాయసం దగ్గర పిల్లాడు మూడు గిన్నెలు తిన్నాడు, బాదం దొరకలేదు. నేను వేయడం మర్చిపోయానని అందరూ నా మీద పడ్డారు. నాకే అనుమానం వచ్చి, అడుగున మిగిలింది గరిటెతో కెలికి చూశాను. లేదు. అప్పుడు మామయ్యగారు నెమ్మదిగా దవడలోంచి గింజ తీసి బల్ల మీద పెట్టారు. ఎక్కడా గాటు పడలేదు. "నమలలేక ఊరుకున్నానమ్మా, ఇదేదో ఆటని తర్వాత అర్థమైంది" అన్నారు.

బహుమతి చాక్లెట్ డబ్బా పిల్లాడికే ఇచ్చేశారు. గింజ మాత్రం ఇవ్వలేదు, చొక్కా జేబులో వేసుకున్నారు.