3, 4, 5 తరగతులను పక్కూరికి పంపాలా? విద్యా కమిటీ సంతకం పెట్టాలా వద్దా?

కాలువగట్టు అమ్మ:
మాది కోనసీమలో ఒక చిన్న ఊరు. మా ఎలిమెంటరీ స్కూల్లో 1 నుంచి 5 వరకు కలిపి 31 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. ఇప్పుడు 3, 4, 5 తరగతుల వాళ్ళని పక్కూరి మోడల్ ప్రైమరీ స్కూల్లో కలుపుతామంటున్నారు. మా ఊళ్ళో ఒకటీ రెండూ మాత్రమే ఉంటాయట. విద్యా కమిటీ తీర్మానం కావాలని మెంబర్ల ఇళ్ళకి పుస్తకం పట్టుకొచ్చారు. నేనూ మెంబర్నే. ఇంకా సంతకం పెట్టలేదు.

నాకు రెండు భయాలు. మొదటిది దారి. కాలువ గట్టు మీద నడిచి వెళ్ళి 216 హైవే దాటాలి. గట్టుకి రెయిలింగ్ లేదు, వానొస్తే జారుడు. మా పాప మూడో తరగతి. రెండోది, వెళ్ళాక అక్కడ కూర్చోడానికి చోటుందా అన్నది. ఆ స్కూలు ఇప్పటికే కిటకిటలాడుతోందని విన్నాను. మీరైతే ఏం చేస్తారు?

రాజోలు నాన్న:
నేనైతే సంతకం పెడతానండి. కోపం తెచ్చుకోకండి. ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. ఒకరు సెలవు పెడితే? ట్రైనింగ్‌కి వెళ్తే? ఓటర్ల జాబితా పని పడితే? ఆ రోజంతా ఒక్కరే ఐదు తరగతుల్నీ కూర్చోబెట్టి "చదువుకోండి, అల్లరి చెయ్యకండి" అంటారు. దాన్ని బడి అనలేం. మా అబ్బాయి రెండేళ్ళు అలాగే చదివాడు, నాలుగుకొచ్చినా రెండంకెల తీసివేత రాలేదు.

ఇంకో మాట. మీ ఊళ్ళోనే ఎంతమంది పిల్లలు కాన్వెంటు వ్యాన్ ఎక్కి అదే హైవే దాటి పోతున్నారో లెక్కేయండి. వాళ్ళకి లేని దూరం సర్కారు బడికే ఎందుకొచ్చింది?

కాలువగట్టు అమ్మ:
వ్యాను గుమ్మం ముందుకొస్తుందండి. నా కూతురు నడవాలి. తేడా అదే.

ఎస్జీటీ మాస్టారు:
ఇరవై ఏళ్ళుగా ప్రైమరీలో పనిచేస్తున్నాను, రెండు వైపులా చూశాను. కొత్తవాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. 2022 జూన్‌లో 117 జీవో వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే 3, 4, 5 తరగతులు అక్కడికి పోవాలి, సబ్జెక్ట్ టీచర్లు చెప్తారు అన్నారు. ఆలోచన చెడ్డది కాదు. కానీ పదో తరగతికి లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌ని మూడో తరగతికి పంపితే ఆయనకీ పిల్లలకీ ఇబ్బందే. గదులు చాలక వరండాల్లో కూర్చోబెట్టారు. ఆ ఏడాది జూలైలో చాలా ఊళ్ళలో తల్లిదండ్రులు బడి గేట్ల దగ్గర ధర్నాలు చేశారు. 2025 మేలో అది పోయి కొత్త జీవోలొచ్చాయి. ఇప్పుడు తరగతికొక టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్ళు పెట్టి, చుట్టుపక్కల చిన్న బడుల నుంచి 3, 4, 5 పిల్లల్ని వాటికి తెస్తున్నారు.

రాజోలు నాన్నగారు చెప్పింది నిజం. ఒకే గదిలో మూడు తరగతులకి పాఠం చెప్పడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు. ఒక తరగతికి చెప్తుంటే మిగతా రెండూ కాపీరాత రాస్తుంటాయి. రోజులో ఒక్కో పిల్లవాడికి దక్కేది గంటన్నర పాఠం, అంతే. తరగతికొక టీచర్ అంటే మా అందరికీ చాలాకాలపు కోరిక.

అయితే విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూల్ ఉంది. టీచర్ల సంఖ్య అందరూ చదువుతారు, కింద బిల్డింగ్ గురించి ఉన్నది ఎవరూ చదవరు. ప్రతి టీచరుకీ కనీసం ఒక తరగతి గది, పైన హెడ్మాస్టరు గది ఒకటి ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. ఐదుగురు టీచర్లని వేసి మూడు గదులుంటే అది మోడల్ అవ్వదు. పోస్టులు కాగితం మీద ఒక్కరోజులో మారతాయి, గోడలు అలా లేవవు కదా. సంతకం పెట్టేముందు వెళ్ళి గదులు లెక్కపెట్టి రండమ్మా.

పక్కూరి తల్లి:
లెక్కపెట్టే పని లేదండి, నేను చెప్తాను. మీరు రాసిన వివరాలు చూస్తే ఆ "పక్కూరు" మాదే అనిపిస్తోంది. కాకపోయినా తేడా ఏం ఉండదు.

గదులు నాలుగు. ఒకదాంట్లో సగం పాత బెంచీలు, బియ్యం బస్తాలు. రెండూ మూడూ తరగతులు ఒకే గదిలో వీపులు ఆనించుకుని కూర్చుంటాయి. సర్కారు బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో అదనపు గదులకి పిల్లర్లు లేచాయి, స్లాబ్ పడలేదు. ఆ ఇనుప ఊచల మధ్యే పిల్లలు దాగుడుమూతలు ఆడతారు. మధ్యాహ్న భోజనం దగ్గర చివరి పళ్ళెం వచ్చేసరికి బెల్లు కొడతారు. ఆడపిల్లలకి వాడుకకి పనికొచ్చే బాత్రూము ఒక్కటే.

మీ పిల్లలొస్తే మాకేం కోపం లేదు. కానీ మీటింగుల్లో మీ ఊరి బాధే మాట్లాడుతున్నారు. చేరేవాళ్ళనీ అడగాలి, చేర్చుకునేవాళ్ళనీ అడగాలి. మా కమిటీని ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు.

డల్లాస్ తెలుగు:
ఇక్కడ మా ఊరి పరిస్థితి కూడా కొంచెం ఇలాగే ఉంటుంది కాబట్టి రాస్తున్నా. కొత్త ఇళ్ళు లేచినప్పుడల్లా ఒక ఎలిమెంటరీ నిండిపోతుంది, స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు మ్యాపులో గీత మార్చి మన వీధిని వేరే స్కూలుకి వేస్తారు. మన తెలుగు వాట్సాప్ గ్రూపులు ఆ వారం అట్టుడికిపోతాయి. సగం మంది బాధ పిల్లల గురించి, సగం మంది బాధ ఇంటి రేటు గురించి (ఒప్పుకోరు). మ్యాపు ముందే బయటపెట్టి, బోర్డు మీటింగులో మాట్లాడనిస్తారు. చివరి ఏడాదిలో ఉన్న పిల్లల్ని పాత స్కూల్లోనే పూర్తి చేసుకోనివ్వమని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. మీ తీర్మానంలో ఐదో తరగతి వాళ్ళ గురించి అలా అడగొచ్చేమో.

రాజోలు నాన్న:
మీకు పసుపు బస్సు ఉంది కదా సార్. మాకు గట్టు ఉంది.

డల్లాస్ తెలుగు:
రెండు మైళ్ళ లోపల ఇల్లుంటే ఇక్కడ కూడా మామూలుగా బస్సు రాదండి. కార్లో దింపడానికి అరగంట లైన్లో నిలబడతాం. సరే, మీ గట్టుతో పోలికలేదు, ఒప్పుకుంటాను.

రిటైర్డ్ తాతయ్య:
ఆ బడికి మా నాన్న తరం వాళ్ళు స్థలం ఇచ్చారు. తాటాకు పాక నుంచి స్లాబు దాకా ఊరే కట్టుకుంది. ఇవాళ రెండు తరగతులు మిగిల్చితే రేపు అవి కూడా పోతాయి. ఒకటో తరగతిలో చేర్పించే తల్లి, రెండేళ్ళలో ఎలాగూ మార్చాలి కదా అని ముందే కాన్వెంటులో వేస్తుంది. 117 వచ్చినప్పుడు చాలా ఊళ్ళలో జరిగింది ఇదే.

రాజోలు నాన్న:
తాతయ్యగారూ, మీ మాట మీద గౌరవంతోనే అంటున్నాను. బడి మిగిలి పాఠం పోతే ఊరికి ఏం లాభం? కలపకపోయినా సంఖ్య తగ్గుతూనే ఉంది. ఇరవై దగ్గరికి పడితే, పిల్లల లెక్కని బట్టి టీచర్లని సర్దే రేషనలైజేషన్‌లో రెండో పోస్టు కూడా ఎత్తేస్తారు.

ఎస్జీటీ మాస్టారు:
చట్టం ప్రకారం అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు ఉండాలి నాయనా. ఎత్తేస్తున్నారంటే అది వేరే గొడవ. తాతయ్యగారి భయం మాత్రం ఉత్తదేం కాదు. పిల్లల్ని బడికి పంపే తల్లులకి సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేటులో చదివినా వస్తుంది, కాబట్టి మారడానికి అడ్డేం లేదు. ప్రైవేటు బడుల్లో ఇరవై ఐదు శాతం కోటా కింద ఉచిత సీటు కావాలంటే ఒకటో తరగతిలోనే చేరాలి. మూడులో బయటపడ్డ పిల్లకి ఆ దారీ లేదు.

ఆటోవాలా:
ఆ రూటులో నాలుగేళ్ళు పిల్లల్ని తిప్పాను. ఆటోలో పదిమందిని ఎక్కిస్తే పోలీసు ఆపుతాడు, ఆరుగురినే ఎక్కిస్తే నాకు గిట్టదు. రవాణా భత్యం ఇస్తారంటారు, అది తల్లి ఖాతాలో ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలీదు, నాకు డీజిల్ రోజూ కావాలి. రెండు నెలలు అప్పు పెట్టుకున్నాక మానేశాను. నడవగలిగినంత దగ్గర కాదు, బండి పెట్టుకునేంత దూరమూ కాదు. ఈ ఊళ్ళతో వచ్చిన చిక్కే అది.

కాలువగట్టు అమ్మ:
అందరి మాటలూ చదివాను. రాజోలు అన్నయ్య చెప్పిన తీసివేతల సంగతి నాకు బాగా తగిలింది, మా పాప కూడా ఆ తీసివేతల దగ్గరే ఆగిపోయింది. కలపొద్దని మొండికేయను. కానీ ఊరికే సంతకం పెట్టను. జూన్ 12న బడి తెరిచేలోపు ఐదు గదులు చూపించాలి. హైవే దగ్గర పొద్దునా సాయంత్రం మనిషిని పెట్టాలి. ఆటో డబ్బు నేరుగా ఆటో అతనికే ఇవ్వాలి. ఈ ఏడాది ఐదుకొచ్చే ఏడుగురిని ఇక్కడే ఉంచాలి. ఇవి తీర్మానంలో రాస్తేనే పెడతాను.

రాజోలు నాన్న:
అలా ఎవరు రాసిస్తారు చెల్లెమ్మా? ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి చేతిలో స్లాబ్ వేయించే డబ్బుందా? మీరు షరతులు పెడుతూ కూర్చుంటే పిల్లలకి ఇంకో ఏడాది పోతుంది.

ఎస్జీటీ మాస్టారు:
గదులు లేకుండా పంపినా ఏడాది పోతుంది బాబూ, అక్కడి పిల్లలకి కూడా. అమ్మా, వాళ్ళు ఒప్పుకోకపోయినా మీ అభ్యంతరం తీర్మానాల పుస్తకంలో మీ మాటల్లోనే రాయించండి, ఫొటో తీసుకోండి. కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉంటారు, మిగతావాళ్ళతో కూడా మాట్లాడండి. తెల్ల కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, అది నేను చాలాచోట్ల చూశాను.

పక్కూరి తల్లి:
మా కమిటీని కూడా శుక్రవారం కూర్చోబెడుతున్నాం, ఎవరూ పిలవకపోయినా. మీ తీర్మానం ఫొటో ఇక్కడ పెట్టండి. గదుల లెక్క రెండు ఊళ్ళ పుస్తకాల్లోనూ ఒకేలా రాయిద్దాం. బాత్రూముల మాట మీ దాంట్లో లేదు, అది కూడా చేర్చండి.