పిల్లకి జలుబు, మూడో రోజుకి ఇంటిల్లిపాదికీ దగ్గు: మీ ఇంట్లోనూ ఇంతేనా?

ఇద్దరు పిల్లల అమ్మ:
మా చిన్నదానికి మూడేళ్లు. ప్లేస్కూల్లో చేరిన మూడు నెలల్లో ఇది నాలుగో జలుబు. దానికి ముక్కు కారడం తప్ప ఏమీ ఉండదు, గెంతుతూనే ఉంటుంది. ఆ తర్వాత నాకు, ఆపైన మా అత్తయ్యకి. ఈసారి ఆవిడకి ఆయాసం వచ్చి రెండు రాత్రులు కూర్చునే గడిపారు. చాలా టెన్షన్‌గా ఉంది. పిల్ల నుంచే అంటుకుంటోందా?

పిల్లల వార్డు నర్సు:
చాలావరకు అంతేనండి. ఈ వయసులో ఏడాదికి 6 నుంచి 8 జలుబులు మామూలే. చాలా వైరస్‌లు వాళ్ల ఒంటికి కొత్త. అందుకే త్వరగా పోవు. ఫ్లూ వస్తే పెద్దవాళ్లు వారం వరకు అంటిస్తారు, పిల్లలు 10 రోజులు దాటినా అంటించగలరు. ఊపిరితిత్తులకి సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ అయితే రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకీ ఒకసారి వచ్చిపోతుంది. అదే వైరస్ ఆస్తమా, గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లలో నిమోనియా దాకా తీసుకెళ్లగలదు. అత్తయ్యగారిని డాక్టర్‌కి చూపించారా? ఆయాసాన్ని మాత్రం ఇంట్లో పెట్టుకుని చూడకండి.

మనవడి తాతయ్య:
మొన్న మావాడు ముక్కు తుడుచుకున్న చేత్తోనే నా కళ్లజోడు లాగాడు, సగం కొరికిన బిస్కెట్ నా నోట్లో పెట్టి ‘తిను తాతా’ అన్నాడు. వద్దని ఎలా అంటామమ్మా? తిన్నాను. నాలుగు రోజులకి మంచం ఎక్కాను.

టీకాల గురించి చదివేవాడు:
జపాన్‌లో స్కూలు పిల్లలకి 1962 నుంచి ఫ్లూ టీకాలు వేసేవారు. 1987లో తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేశారు, 1994లో ఆ కార్యక్రమమే ఆగిపోయింది. టీకాలు జోరుగా వేసిన ఏళ్లలో చలికాలపు మరణాలు తగ్గాయని, ఆపాక మళ్లీ పెరిగాయని 2001లో ఒక పరిశోధన వచ్చింది. తగ్గిన మరణాల్లో ఎక్కువ భాగం వృద్ధులవే. టీకా పిల్లలకి, రక్షణ పెద్దలకి.

పిల్లల వార్డు నర్సు:
నిజమే, కానీ అన్ని జబ్బులూ పిల్లల నుంచే వస్తాయని లెక్క వేయకండి. కొవిడ్ మొదట్లో చాలా ఇళ్లలోకి పెద్దవాళ్ల ద్వారానే వచ్చింది.

ఇద్దరు పిల్లల అమ్మ:
అత్తయ్యని చూపించామండి, మందులు వాడుతున్నారు, ఆయాసం తగ్గింది. పిల్ల ముక్కు ఆరేదాకా ఆవిడ పక్కన పడుకోబెట్టట్లేదు, స్కూల్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుగుతున్నాను. రాత్రి తలుపు దగ్గర నిలబడి ‘నాన్నమ్మా, నా జలుబు పోయిందా?’ అని అడుగుతోంది. ఇంకా ఎన్ని రోజులు ఆపాలి?

పిల్లల వార్డు నర్సు:
ముద్దులు, ఎంగిలి ఇంకో వారం వద్దు. పగలు కిటికీలు తీసి, కాస్త ఎడంగా కూర్చుని కబుర్లు చెప్పుకోనివ్వండి.